కటాన్ కరువును అనంతపురం నుంచి చూస్తే: ‘ది ఇన్నర్ లైట్’ ఎపిసోడ్ బలాలు, లోపాలు

సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళలో గొప్ప ఎపిసోడ్ ఏదని అడిగితే చాలామంది చెప్పే పేరు ‘ది ఇన్నర్ లైట్’. ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ ఐదో సీజన్లో ఇది 25వ ఎపిసోడ్. 1992 జూన్ 1న అమెరికాలో ప్రసారమైంది. మోర్గాన్ గెండెల్, పీటర్ అలన్ ఫీల్డ్స్ రాశారు, పీటర్ లారిట్సన్ దర్శకత్వం వహించాడు. మరుసటి ఏడాది దీనికి సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. ఇదే ఎపిసోడ్‌ను ఖగోళశాస్త్రం చదివినవాళ్ళకు చూపిస్తే పెదవి విరుస్తారు. నక్షత్రాలు అలా చావవంటారు, మెదడు అంత వేగంగా పనిచేయదంటారు. మెచ్చుకునేవాళ్ళు చెప్పేదీ, తప్పుపట్టేవాళ్ళు చెప్పేదీ రెండూ నిజమే. కొత్తగా చూసేవాళ్ళకు తికమక అక్కడే మొదలవుతుంది.

మన వైపు నుంచి చూస్తే ఇంకో చిక్కు ఉంది. ఈ కథంతా కరువు చుట్టూ తిరుగుతుంది. ఉరవకొండలోనో కళ్యాణదుర్గంలోనో కూర్చుని చూసేవాడికి నక్షత్రం సంగతి తర్వాత గుర్తొస్తుంది. ముందు తట్టే ప్రశ్న వేరు: ఇన్నేళ్ళ కరువులో ఆ ఊరి నుంచి ఒక్క సంసారమైనా మూటాముల్లె సర్దుకుని వలస పోలేదేం?

కథ ఇంతే

ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకకు దారిలో ఓ పాత ప్రోబ్ (మనుషుల్లేకుండా అంతరిక్షంలోకి పంపే యంత్రం) ఎదురవుతుంది. అందులోంచి వచ్చిన ఒక కిరణం కెప్టెన్ పికార్డ్‌కు తగులుతుంది, అతను నౌకలోనే కుప్పకూలతాడు. కళ్ళు తెరిచేసరికి కటాన్ అనే గ్రహం మీద, రెసిక్ అనే ఊళ్ళో, ఒక ఇంట్లో ఉంటాడు. అక్కడ అతని పేరు కామిన్. ఎలీన్ అనే ఆవిడ తాను అతని భార్యనని, జ్వరంలో పడి అతనికి మతి తప్పిందని చెబుతుంది. కామిన్ వృత్తి ఇనుము అల్లడం (అదేం పనో ఎపిసోడ్ చివరిదాకా చెప్పదు).

మొదటి ఐదేళ్ళు అతను నమ్మడు. రాత్రిళ్ళు చుక్కలు చూస్తూ తన నౌక ఎక్కడుందోనని వెతుక్కుంటాడు. తర్వాత ఆ జీవితానికే అలవాటుపడతాడు. మెరిబోర్ అనే కూతురు పుడుతుంది. చనిపోయిన స్నేహితుడు బటై పేరునే కొడుక్కి పెట్టుకుంటాడు. పిల్లనగ్రోవి నేర్చుకుంటాడు. ఊళ్ళో వానలు తగ్గుతూ వస్తాయి. కామిన్, అతని కూతురు మట్టిని పరీక్షించి, నేల చచ్చిపోతోందని తేలుస్తారు. ముసలితనంలో అతను ఒక రాకెట్ ప్రయోగం చూడటానికి బయటికి వస్తాడు. అప్పుడు చనిపోయినవాళ్ళంతా వయసులో ఉన్నప్పటి రూపాలతో వచ్చి అసలు సంగతి చెబుతారు. పైకి వెళ్తున్నది తనను తాకిన ప్రోబే. వాళ్ళ సూర్యుడు నోవాగా మారి, వెయ్యేళ్ళ కిందటే వాళ్ళందరూ పోయారు. ఎవరో ఒకరు తమ గురించి నలుగురికీ చెప్పాలని ఆ ప్రోబ్‌ను పంపారు. పికార్డ్ మేలుకుంటాడు. నౌకలో గడిచింది 25 నిమిషాలు.

లోపం అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు

ఇలాంటి కథ మీద వాదన తెగకపోవడానికి కారణం, ‘లోపం’ అంటూ మూడింటిని ఒకే గాటన కట్టేయడం. ఒకటి, ప్రకృతి నియమాలకు పొసగని శాస్త్రపు తప్పు. రెండోది, కథ తాను చెప్పుకున్న మాటకే తాను అడ్డం పడటం. మూడోది తప్పు కాదు, చూపించకుండా వదిలేసిన భాగం.

ఏది ఎంత బరువైనదో తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. తప్పున్న చోట ఒప్పు పెట్టి చూడాలి. అలా పెట్టాక ఎన్ని సన్నివేశాలు మార్చాల్సి వస్తుందో లెక్కపెట్టాలి. ఒక్క డైలాగు మారిస్తే సరిపోతే అది గీత లాంటిది. కథ మొత్తం తిరగరాయాల్సి వస్తే అది పగులు. గీతకూ పగులుకూ ఉన్న తేడా చూడకుండా అన్నింటికీ ఒకే మార్కు తగ్గించడంలోనే చాలా విమర్శలు దారి తప్పుతాయి.

నక్షత్రం లెక్క: నోవా అలా రాదు

నోవా అంటే నక్షత్రం చావడం కాదు. జంట నక్షత్రాల్లో ఒకటి అప్పటికే ఇంధనం అయిపోయి, కుంచించుకుపోయిన శ్వేత కుబ్జమై ఉంటుంది. అది పక్కనున్న తోటి నక్షత్రం నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది. ఆ పొర ఒక మందానికి చేరాక ఒక్కసారిగా అంటుకుంటుంది. శ్వేత కుబ్జం మాత్రం అలాగే ఉంటుంది, మళ్ళీ పోగుచేసుకోవడం మొదలుపెడుతుంది. టి కరోనే బొరియాలిస్ అనే నక్షత్రం 1866లో ఒకసారి, 1946లో మరోసారి ఇలాగే వెలిగింది. ఈ వెలుగు కొద్ది రోజుల్లో వేల రెట్లు పెరుగుతుంది. ఏళ్ళ తరబడి మెల్లగా ఎండబెట్టే రకం కాదు.

మరి కథలో ఉన్నది సూపర్‌నోవా, అంటే నక్షత్రమే పేలిపోవడం అనుకుందామా? ఒంటరి నక్షత్రం అలా పేలాలంటే మన సూర్యుడికి దాదాపు 8 రెట్లకు మించిన బరువుండాలి. అంత బరువున్న నక్షత్రం కొన్ని కోట్ల ఏళ్ళకే ఇంధనం తగలేసుకుంటుంది. భూమి వయసు 450 కోట్ల ఏళ్ళ పైచిలుకు. పిల్లనగ్రోవి ఊదే నాగరికత పుట్టేంత వ్యవధి ఆ నక్షత్రం ఇవ్వదు.

ఇక మన సూర్యుడి లాంటిదే అనుకుంటే, దాని వెలుగు 1 శాతం పెరగడానికి సుమారు 10 కోట్ల ఏళ్ళు పడుతుంది. 11 ఏళ్ళ సౌరచక్రంలో మామూలుగా వచ్చే హెచ్చుతగ్గులే దాదాపు 0.1 శాతం ఉంటాయి. ఒక మనిషి జీవితకాలంలో ముసలితనపు సూర్యుడి వేడిని పసిగట్టడం జరిగే పని కాదు. వెలుగు 1 శాతం పెరిగితే, మేఘాలు, నీటి ఆవిరి చూపే ప్రభావాలు పక్కనపెడితే, గ్రహం దాదాపు 0.6 డిగ్రీలు వేడెక్కుతుంది. రెసిక్‌లో జనం ఒంటికి ఎండ తగలకుండా పూత పూసుకునే స్థాయికి రావాలంటే ఒక్క తరంలో ఎన్నో శాతాలు పెరగాలి. అలా పెరిగే మామూలు నక్షత్రం లేదు.

మరో మెలిక కూడా ఉంది. ఎండ ముదిరిన గ్రహం మీద వానలు నిలిచిపోతాయన్నది మనకు సహజంగా అనిపించే ఊహే కానీ సరైనది కాదు. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. గ్రహం మొత్తం మీద చూస్తే వాన కాస్త పెరుగుతుంది కూడా. ఒకచోట ఎండి, ఇంకోచోట ముంచుతుంది. కటాన్‌లో అన్నిచోట్లా ఎండిపోతోందంటే, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో కథ చెప్పాలి. చెప్పదు.

ఇప్పుడు పరీక్ష పెట్టి చూద్దాం. ‘నోవా’ అనే మాట తీసేసి, దారి తప్పిన మరో నక్షత్రం లాగేయడం వల్ల కటాన్ తన సూర్యుడికి ఏటేటా దగ్గరవుతోందని చెబితే? ఒకటి రెండు డైలాగులు మారతాయి. ఎలీన్ చావు, పిల్లనగ్రోవి, ఊరి నడిమి చెట్టు, ఏవీ కదలవు. కాబట్టి ఇది గీతే. పైగా సైన్స్ ఫిక్షన్‌లో ‘నోవా’ను ‘నక్షత్రం పేలింది’ అనే వదులు అర్థంలో వాడటం పాత అలవాటు. అలవాటు కదా అని తప్పు ఒప్పైపోదు. కానీ దీన్ని పట్టుకుని ఎపిసోడ్‌ను కొట్టిపారేయడం కూడా సరిపోదు.

గాలిలోంచి నీళ్ళు: కామిన్ సలహాకు అయ్యే కరెంటు

ఊరికి వచ్చిన అధికారి ముందు కామిన్ ఒక సలహా పెడతాడు: గాలిలోని తేమను చల్లార్చి నీరు చేసే యంత్రాలు కడదామని. వినడానికి బాగుంటుంది. మన ఎండాకాలపు గాలితో లెక్కవేస్తే దాని బరువు తెలుస్తుంది.

38 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 25 శాతం అనుకుందాం. అప్పుడు ఒక ఘనపు మీటరు గాలిలో 11 నుంచి 12 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అది నీరుగా మారడం మొదలవ్వాలంటే గాలిని 15 డిగ్రీల కిందికి చల్లార్చాలి. సగం నీరు రాబట్టాలంటే దాదాపు 4 డిగ్రీలకు దించాలి. అప్పటికీ ఒక లీటరుకు 175 ఘనపు మీటర్ల గాలి కావాలి. చల్లబడిన గాలి చలువను మళ్ళీ వాడుకునే ఏర్పాటు లేకపోతే, మామూలు శీతల యంత్రంతో లీటరుకు 0.8 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది.

కేంద్ర ప్రభుత్వ జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. అంటే రోజుకు 200 యూనిట్ల పైమాటే. ఇది ఇంటి వాడకానికి. చేనికైతే? ఎకరాకు 25 మిల్లీమీటర్ల వాన, అంటే ఒక పదును, దాదాపు లక్ష లీటర్లు. ఒక్క ఎకరాకు ఒక్క పదును యంత్రంతో తీయాలంటే 80 వేల యూనిట్లు దాటుతుంది. కుళాయి కింద బిందె నిండొచ్చు కానీ శనక్కాయ పండదు.

ఇది ఎపిసోడ్ తప్పు కాదు. తాగునీటి కోసం కామిన్ అడిగింది సబబే. వేడెక్కే గ్రహం గాలిలో ఆవిరి ఎక్కువుంటుంది కాబట్టి మన లెక్క కంటే అతనికి కాస్త తేలిక కూడా. అయినా అధికారి వెంటనే ఊ అనకపోవడంలో మూర్ఖత్వం ఒక్కటే లేదని ఈ అంకెలు చెబుతాయి. అంకెల జోలికి పోకుండా, అధికారిని మొదట్లో మొండివాడిగా చూపించి వదిలేయడం ఎపిసోడ్ చేసిన చిన్న అన్యాయం.

అధికారికి తెలిసీ చెప్పని మాట

ఆ చిన్న అన్యాయాన్ని ఎపిసోడ్ తర్వాత సరిదిద్దుకుంటుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ముసలి కామిన్ మట్టి పరీక్షల లెక్కలు తీసుకుని అధికారిని నిలదీస్తాడు. అధికారి గొంతు తగ్గించి అసలు మాట చెబుతాడు: మాకు ఎప్పుడో తెలుసు, జనం బెంబేలెత్తుతారని చెప్పలేదు. కొందరినైనా, కనీసం వాళ్ళ జన్యు నమూనాలనైనా పంపొచ్చుగా అని కామిన్ అడిగితే, ఇప్పుడిప్పుడే చిన్న రాకెట్లు ఎగరేయడం నేర్చుకుంటున్నాం, ఎక్కడికి పంపుతామంటాడు.

ఎపిసోడ్‌లో కరువు నిజమనిపించేది ఈ చోటే. కరువు వానతో మొదలవదు, వానతో అయిపోదు. భారత వాతావరణ శాఖ లెక్కలో, సీజన్ వాన మామూలు కంటే 26 శాతం తగ్గితే వాతావరణ కరువు. 50 శాతం దాటితే తీవ్రమైనది. 340 మిల్లీమీటర్లు పడాల్సిన చోట 250 పడితే ఆ గీత దాటినట్టు. వ్యవసాయ కరువు వేరు. మొత్తం వాన లెక్కకు సరిపోయినా, వేరుశనగ ఊడలు దిగే సమయంలో మూడు వారాలు మొగం చాటేస్తే పంట పోతుంది. కాగితం మీద మామూలు ఏడాది, చేలో కరువు. చెరువులు, బోర్లు ఎండే జల కరువు ఇంకో ఏడాదికి బయటపడుతుంది. పడమటి కనుమల వానచాటున ఉన్న అనంతపురం ఉమ్మడి జిల్లాలో ఏటా పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ మూడు కరువుల మధ్య ఎప్పుడు, ఎవరు, ఏ మాటతో ‘కరువు’ అని ప్రకటిస్తారన్నది ఇక్కడ ఎప్పుడూ పెద్ద విషయమే. తెలిసినవాళ్ళకూ ప్రకటించినవాళ్ళకూ మధ్య ఉండే ఆ ఆలస్యాన్ని ‘ది ఇన్నర్ లైట్’ పట్టుకుంది. నిపుణులు, కమిటీలు, సమావేశాలు ఏవీ లేకుండా, ఇద్దరు ముసలివాళ్ళు వీధిలో మాట్లాడుకున్నంతలో.

ఊరి నడుమ నాటిన చెట్టు కూడా అంతే. వాన వచ్చేదాకా దాన్ని బతికించుకోవాలని ఊరు ఒట్టు పెట్టుకుంటుంది. ఎండాకాలంలో గుడి ముందు వేపమొక్కకో రావిమొక్కకో ఇంటి బిందెలోంచి చెంబెడు పోసినవాళ్ళకు ఇది ప్రతీక కాదు, మామూలు పని. దాన్ని కథలో ప్రతీకగా నిలబెట్టినా అతిగా వాడుకోలేదు.

వలస లేదు, పశువుల్లేవు, అప్పుల్లేవు

రెసిక్‌లో కనబడనివి ఎక్కువ. ఎవరూ ఊరు విడిచి పోరు. అనంతపురం, కదిరి వైపు నుంచి కరువుకు బెంగళూరు, కేరళ దాకా కూలికి వెళ్ళడం అందరికీ తెలిసిందే. ముసలివాళ్ళు, బడికెళ్ళే పిల్లలు ఊళ్ళో మిగిలి, నడివయసు వాళ్ళు మాయమవడమే కరువు పల్లె రూపు. రెసిక్‌లో ఏటికేడు అదే జనం. పశువులు లేవు, కాబట్టి మేత లేక వాటిని సంతకు తోలే రోజు లేదు. బావి లోతు చేసే పని, దాని కోసం చేసే అప్పు, అది ఎండిపోతే మిగిలే గొయ్యి, ఏవీ లేవు. అన్నింటికన్నా ముఖ్యంగా నీటి దగ్గర గొడవ లేదు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న ప్రశ్నే ఊళ్ళో పుట్టదు. కరువులో మనుషులు ఇంత మర్యాదగా ఉంటారా?

సమర్థించేవాళ్ళు చెప్పేదీ వినాలి. ఎపిసోడ్ నిడివి సుమారు 45 నిమిషాలు. అందులో కొంత భాగం నౌకలోనే గడుస్తుంది. స్టూడియోలో వేసిన ఒక వాకిలి, రెండు మూడు ఇళ్ళే ఊరు. పైగా ఇది కరువు గురించిన కథ కాదు, ఒక మనిషి తనది కాని జీవితాన్ని తనదిగా ఒప్పుకునే కథ. కరువు వెనక నడిచే గడియారం మాత్రమే. ఈ వాదనలో బలముంది. కానీ గడియారానికి ముల్లు కనబడాలి కదా. కరువు గురించి పాత్రలు చెబుతాయే తప్ప, మాటలు తీసేసి చూస్తే ఊరు మొదటి రోజు ఎలా ఉందో చివరి రోజూ దాదాపు అలాగే ఉంటుంది. ఒక ఇల్లు తాళం పడటమో, గాటికి పశువు లేకపోవడమో ఏ ఖర్చూ లేకుండా చూపించొచ్చు. మూడో రకం లోపాల్లో దీన్నే పెద్దది అనాలి. పగులు కాదు గానీ, గీత కంటే లోతైనది.

25 నిమిషాల్లో జీవితం: మెదడు పట్టగలదా

లెక్క సులువుగా ఉండాలని కామిన్ జీవితం 40 ఏళ్ళనుకుందాం. 40 ఏళ్ళలో సుమారు 2 కోట్ల 10 లక్షల నిమిషాలు. దాన్ని 25తో భాగిస్తే బయట ఒక నిమిషానికి లోపల 8 లక్షల 40 వేల నిమిషాలు. బయట 1 సెకనుకు లోపల దాదాపు పదిరోజులు. లోపల ఒక రోజు బయట 0.1 సెకను, అంటే రెప్పపాటు.

నాడీకణం ఒకసారి సంకేతం పంపడానికే సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. కంటికి కనబడింది మెదడుకు ‘ఇదీ’ అని తెలియడానికే 0.1 సెకను దాకా పడుతుంది. ఒక రోజంతా జరిగిన మాటలు, నడక, తిండి, రాత్రి పిల్లనగ్రోవి సాధన ఆ వ్యవధిలో పట్టవు. కాబట్టి పికార్డ్ ఆ జీవితాన్ని బతికుండడు. అతని మెదడులో జ్ఞాపకాలు నాటి ఉంటారు. బతికినట్టు గుర్తుండటం వేరు, బతకడం వేరు. నిన్నటి రోజును మనం గుర్తుచేసుకునేటప్పుడు 24 గంటలు మళ్ళీ నడవవు కదా. నాలుగు దృశ్యాలు, రెండు మాటలు, ఒక వాసన. అలా నాటితే 25 నిమిషాలు చాలొచ్చు.

ఈ సర్దుబాటుతో శాస్త్రపు తప్పు పోతుంది. కానీ ఇది ఊరికే పోదు, వెంట ఒక పెద్ద ప్రశ్నను తెచ్చిపెడుతుంది.

రికార్డా, నాటకమా

కామిన్ నిజంగా బతికిన మనిషా? ప్రోబ్ అతని జీవితాన్ని రికార్డు చేసి పికార్డ్‌కు చూపిందా? లేక ప్రోబ్ ఒక ఊరిని కట్టి, పికార్డ్‌ను అందులోకి వదిలి, అతను ఏం చేస్తే దానికి తగ్గట్టు జవాబిచ్చిందా? ఎపిసోడ్ ఎక్కడా చెప్పదు. రెండింటిలో ఏది ఒప్పుకున్నా ఏదో ఒకటి వదులుకోవాలి.

రికార్డు అనుకుందాం. అప్పుడు ఐదేళ్ళపాటు ‘నేను కెప్టెన్‌ను’ అని మొండికేసింది ఎవరు? అసలు కామిన్‌కు అలాంటి మతిభ్రమ ఉండి ఉండాలి, లేదా ఆ భాగం పికార్డ్ మెదడు అల్లుకున్నది. గాలిలోంచి నీళ్ళు తీద్దామన్న సలహా, కొడుక్కి స్నేహితుడి పేరు పెట్టడం, చుక్కలు చూసే అలవాటు, ఇవేవీ పికార్డ్ నిర్ణయాలు కావు. అతను ప్రేమించిందీ, ఒప్పుకున్నదీ ఇంకొకడి బతుకు. మనం కంటతడి పెట్టిన ఎంపికలన్నీ ముందే రాసిపెట్టినవే.

నాటకం అనుకుందాం. అప్పుడు ఎంపికలు పికార్డ్‌వే. కానీ కటాన్ చరిత్ర? నీళ్ళ యంత్రాల సలహా ఒక అంతరిక్ష కెప్టెన్‌ది, కటాన్ వాసిది కాదు. దానికి అధికారి ఇచ్చిన జవాబు నిజంగా ఎప్పుడూ జరగలేదు. పిల్లల పేర్లు, వాళ్ళ చదువులు, ఎలీన్‌తో గడిపిన సాయంత్రాలు, అన్నీ యంత్రం అప్పటికప్పుడు సమకూర్చినవి. ‘మా గురించి చెప్పు’ అని అడిగిన జనం చివరికి ఇచ్చింది తమ బతుకు కాదు, తమ బతుకు లాంటిది ఒకటి.

ఈ చిక్కు కడప జిల్లా చరిత్ర చదివినవాళ్ళకు కొత్తగా ఉండదు. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, ఇతర సహాయకులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు చూడండి. ఊరు ఎప్పుడు పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, మిరాశీలు (వంశపారంపర్య హక్కులు) ఎవరివి, అన్నీ కరణాలు చెప్పగా రాసుకున్నవే. అడిగినవాడి ప్రశ్నను బట్టి జవాబు కుదురుకుంది. చెప్పినవాడికి తన మిరాశీ నిలబడాలన్న ఆశ ఉంది. అందుకని కైఫీయతులను పారేయం. ఏ మాట ఎవరి అవసరం నుంచి వచ్చిందో చూసుకుంటూ చదువుతాం. పికార్డ్ జ్ఞాపకాలనూ అలాగే చదవాలి. కానీ ఎపిసోడ్‌లో ఒక్క పాత్రకూ ఆ అనుమానం రాదు. నౌకలో ఉన్న చరిత్రకారులెవరూ అతన్ని కూర్చోబెట్టి ‘ఇందులో నీది ఎంత?’ అని అడగరు.

మొదట చెప్పిన పరీక్ష ఇక్కడా పెట్టి చూద్దాం. రికార్డని తేల్చినా, నాటకమని తేల్చినా కథ సగం కూలుతుంది. ఇది పగులే. అయితే ఆ పగులు కనబడకుండా పోవడానికి కారణం ఒక మంచి నిర్ణయం: కటాన్ కథంతా పికార్డ్ కంటితోనే నడుస్తుంది. అక్కడ అతనికి తెలియనిది మనకూ తెలియదు. ఎపిసోడ్‌కు అత్యంత బలమైన ఎత్తుగడ, దాని అత్యంత పెద్ద లోపాన్ని కప్పిన దుప్పటి, రెండూ ఒకటే.

అడగకుండా తెచ్చి పెట్టిన బతుకు

ఇంకో అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. ప్రోబ్ పికార్డ్‌ను అడగలేదు. నౌక సిబ్బంది ఆ కిరణాన్ని మధ్యలో తెంపితే అతని ప్రాణం మీదికొస్తుంది, మళ్ళీ కలపాల్సి వస్తుంది. అంటే కటాన్ జనం తమ జ్ఞాపకం కోసం ముక్కూమొగం తెలియని మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టారు. ఎపిసోడ్ దీన్ని క్షమించేస్తుంది. ఎలీన్ పాత్ర మీద విమర్శ కూడా ఇక్కడే తగులుతుంది: ఆవిడ పని భర్తను నమ్మించడం, ఓర్చుకోవడం, చనిపోవడం. ఆమెకు సొంత కోరిక ఒక్కటీ ఉండదు. మార్గో రోజ్ నటన ఆ లోటును చాలావరకు పూడ్చింది కానీ, రాతలో లేనిది నటనలో పూర్తిగా రాదు. చావబోయే జాతికి మర్యాద పాటించే తీరిక ఉండదన్న సమర్థన ఒకటుంది. అది ప్రోబ్‌కు వర్తించొచ్చు, ఎలీన్‌కు వర్తించదు.

రాతి మీద కొలతలు, ప్రోబ్‌లో పిల్లనగ్రోవి

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు కావాల్సిన 12 అంగాలు, చెరువును చెడగొట్టే 6 దోషాలు అందులో రాయించాడు: నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, కొండల మధ్య సందు, రాతి కట్ట వంటివి ఒకవైపు. కట్ట కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నడుమ మెరక వంటివి మరోవైపు. రోజుకు వెయ్యిమంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ళ పని. కట్టినవాళ్ళు ఏం పాడుకున్నారో, ఎవరు ఎవరికి ఏమవుతారో అందులో లేదు.

కటాన్ ప్రోబ్ దీనికి సరిగ్గా తిరగేసినది. అందులో ఒక్క కొలత లేదు. వాళ్ళ ఇనుప అల్లిక ఎలా చేస్తారో, వాన ఎప్పుడెప్పుడు ఎంత పడిందో, మట్టి పరీక్షలో ఏం తేలిందో, ఏదీ పికార్డ్ చేతికి కాగితంలా రాదు. వచ్చింది ఒక పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక స్నేహితుడి చావు, పెట్టెలో పిల్లనగ్రోవి. ఇది లోపమనేవాళ్ళున్నారు: నాగరికతను నిలబెట్టాలనుకున్నవాళ్ళు జ్ఞానం పంపకుండా సంసారం పంపుతారా? రాకెట్లు అప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళకు మనిషి మెదడులో జ్ఞాపకం నాటే విద్య ఎక్కడిదన్న ప్రశ్న కూడా దీనికే అతుక్కుని ఉంది. దానికి జవాబు లేదు.

మొదటి ప్రశ్నకు మాత్రం ఉంది. వెయ్యేళ్ళ తర్వాత నక్షత్రాల మధ్య తిరిగే జనానికి కటాన్ ఇంజనీర్లు చెప్పగలిగే కొత్త విద్య ఏముంటుంది? పోరుమామిళ్ళ శాసనం రాసినవాళ్ళకు తమ తర్వాత ఆ చెరువును కాపాడేవాళ్ళు ఉంటారన్న ధీమా ఉంది, అందుకే కొలతలు రాశారు. కటాన్‌కు ఆ ధీమా లేదు. శ్రీశైలం ప్రాజెక్టు వెనుక నీళ్ళలో ఎన్నో పల్లెలు మునిగినప్పుడు కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో కట్టారు. నంద్యాల జిల్లా (ఒకప్పటి కర్నూలు జిల్లా) సంగమేశ్వరం గుడి ఉన్నచోటే ఉండి, నీళ్ళు తగ్గినప్పుడు పైకి తేలుతుంది. గుళ్ళ సంగతి అలా తేలింది. మునిగిన ఊళ్ళ వీధుల్లో ఎవరిల్లు ఎవరి పక్కన, సాయంత్రం ఏ అరుగు మీద కూర్చునేవాళ్ళు అన్నది తలల్లోనే మిగిలింది. ప్రోబ్ మోసుకొచ్చింది సరిగ్గా ఆ రెండో రకం.

తర్వాతి ఎపిసోడ్లలో ఆ 40 ఏళ్ళు ఏమయ్యాయి

చివరి సన్నివేశంలో మాటలు దాదాపు లేవు. ప్రోబ్‌లో దొరికిన పెట్టెను నౌకలో పికార్డ్ తర్వాతి అధికారి రైకర్ ఇచ్చి వెళ్ళిపోతాడు. పికార్డ్ పిల్లనగ్రోవి తీసి, జే చట్టవే స్వరపరిచిన ఆ చిన్న పాట ఊదుతాడు. నిన్నటిదాకా దాన్ని ముట్టుకోని మనిషి వేళ్ళు తడబడకుండా కదలడమే ఆ జీవితానికి సాక్ష్యం. జ్ఞాపకం నకిలీ కావచ్చు, చేతి అలవాటు కాదు.

వచ్చే ఎపిసోడ్‌కు పికార్డ్ మామూలుగా డ్యూటీలో ఉంటాడు. 40 ఏళ్ళ సంసారం, భార్య చావు, మనవడు మోసి వచ్చిన మనిషి. అప్పటి అమెరికా టీవీలో ఒక్కో వారం ఒక్కో కథ. ఒక్కో ఊళ్ళో ఒక్కో వేళకు ప్రసారమయ్యే సీరియల్లో, ఎవరు ఏ వారం చూసినా అర్థమవ్వాలి. అందుకే ప్రతి ఎపిసోడ్ చివర అంతా మొదటికొస్తుంది. ఇది రచయితల అజాగ్రత్త కంటే ఆ వ్యాపార పద్ధతి పెట్టిన కట్టుబాటు. ఆరో సీజన్లో, 1993 ఏప్రిల్‌లో వచ్చిన ‘లెసన్స్’ అనే ఎపిసోడ్ మాత్రం ఆ కట్టును కాస్త సడలించింది. పికార్డ్ ఒక సహోద్యోగినితో కలిసి అదే పిల్లనగ్రోవి వాయిస్తాడు, అది తనకు ఎక్కడ దొరికిందో ఆమెకు చెబుతాడు. రెసిక్ గురించి ఎవరికైనా చెప్పమని కటాన్ జనం అడిగిన పనిని తెర మీద అతను చేసేది అప్పుడు, ఒక గదిలో, ఒక్క మనిషికి.